దానమా, భాగమా?

బస్తరు అడవులలోని గ్రామాలకు తరతరాలుగా వచ్చిన ఆచారమొకటి ఉన్నది. ప్రతి గ్రామానికీ తన ఎల్లలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో తెలుసు. ఆ ఎల్లలలోపలి చెట్టూ, వాగూ, గుట్టా ఆ గ్రామం కాపాడవలసినవి. ఒక ఊరివారికి పొరుగూరి అడవినుండి కొంత కలప కావలసివస్తే ఊరకే నరికి తీసుకొనిపోవడం మర్యాద కాదు. దానికి చిన్న రుసుము చెల్లించాలి. ఆ రుసుమును ఒకచోట దేవ్‌సారి అంటారు, ఇంకొకచోట మాన్ అంటారు, వేరొకచోట దాండ్ అంటారు. కొన్ని గ్రామాలు అడవికి కావలివానిని ఏర్పాటు చేసుకొంటాయి. అతని పోషణకోసం ప్రతి ఇంటినుండీ కొంత ధాన్యం వస్తుంది. కలిగిన ఇంటినుండీ వస్తుంది, కలగని ఇంటినుండీ వస్తుంది. ఏడాదికొకమారు జరిగే పెద్ద వేటలో పరగణాలోని గ్రామపెద్దలు కలుసుకొని, అడవి విషయంతోపాటు తమ అందరి మంచిచెడ్డలనూ ముచ్చటించుకొంటారు.

ఆ కావలివానికి ఇంటింటినుండి వచ్చే ధాన్యాన్ని ఏ పేరుతో పిలవాలి? జీతమని అందామంటే యజమాని ఎవరో తెలియదు. పన్ను అందామంటే వసూలు చేసే రాజు లేడు. దానమని అందామంటే ఇచ్చినవాడు తాను దాతననుకోడు, పుచ్చుకొన్నవాడు తాను యాచకుడననుకోడు. ఇచ్చినవాని చెట్టే కదా అతడు కాపాడుతున్నాడు! అతడు కూడా ఆ ఊరిలో ఒక ఇంటివాడే కదా! ఈ చిన్న ధాన్యపు మూటలో ధర్మశాస్త్రాలు సంపూర్ణంగా తేల్చని ప్రశ్న ఒకటి దాగి ఉన్నది. దానానికి విలువ కలిగేది ఇచ్చేవాని మనస్సువలననేనా? లేక పుచ్చుకొనేవాని మాటకు అందులో చోటుండడంవలన కూడానా?

మన ప్రాచీనులు దానాన్నిగురించి చాలా ఆలోచించినారు. భగవద్గీత పదునేడవ అధ్యాయం దానాన్ని మూడు విధాలుగా విభజించినది. ప్రతిఫలం కోరక, దేశమూ కాలమూ పాత్రమూ ఎరిగి ఇచ్చేది సాత్త్వికం. మరల ఏదో రావాలని ఆశిస్తూనో, మనస్సు చివుక్కుమంటూనో ఇచ్చేది రాజసం. తగనిచోట, తగనివానికి, చులకనచేసి ఇచ్చేది తామసం. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించి వెళ్ళే శిష్యునికి గురువు చేసిన ఉపదేశం ఇంకా సూక్ష్మమైనది. శ్రద్ధతో ఇవ్వమన్నాడు, సిగ్గుతో ఇవ్వమన్నాడు, భయంతో ఇవ్వమన్నాడు. శ్రద్ధ ఎందుకో తెలుస్తున్నది. తన వద్ద ఉన్నది చాలినంత ఇవ్వలేకపోతున్నానన్న సిగ్గూ తెలుస్తున్నది. కాని ఇచ్చేవానికి భయమెందుకు? భయపడవలసినవాడు చేయి చాచినవాడు కదా!

ఈ విచారణ అంతా ఇచ్చేవాని అంతరంగం చుట్టూ తిరిగినది. పుచ్చుకొనేవానికి శాస్త్రం పెట్టిన పేరు పాత్రము. పాత్ర అంటే గిన్నె అని కూడా మనకు తెలుసు. గిన్నెకు నోరున్నది గాని మాట లేదు. అది శుభ్రంగా ఉన్నదా, చిల్లిపడినదా అని చూడవలసిన బాధ్యత పోసేవానిది. ఏమి పోస్తావని అడిగే అధికారం గిన్నెకు లేదు. అపాత్రదానమనే మాట మన నిత్యవ్యవహారంలో ఉన్నది. ఇవ్వడానికి తగని దాతను చెప్పే మాట అంత సులభంగా నోటికి రాదు. భాషలోని ఈ వెలితి మన ఆలోచనలోని వెలితికి గుర్తు. బస్తరు చరిత్ర చదివినవారికి ఈ వెలితి ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది.

బస్తరు తెలుగువారికి దూరదేశం కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అడవులు దాటి వెళ్ళి అక్కడ రాజ్యం స్థాపించినాడని ఆ రాజవంశంవారు చెప్పుకొనే సంప్రదాయం. దక్షిణాన కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. అవిభక్త బస్తరు జిల్లా విస్తీర్ణంలో కేరళ రాష్ట్రంకంటే పెద్దది. 1998లో అది మూడు జిల్లాలైనది, 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో చేరినది, తరువాత మరికొన్ని జిల్లాలుగా చీలినది. మురియాలు, మాడియాలు, దోర్లలు, ధుర్వాలు, భత్రాలు, హల్బాలు అక్కడి జనం. సాలవృక్షాలు, ఇప్పచెట్లు, చింతచెట్లు, తునికి పొదలు, భూమి అడుగున ఇనుము ఆ నేలకున్న సంపద. ఇంత సంపద ఉన్న నేలమీది మనుష్యులను లోకం చాలాకాలంగా దానపాత్రులనే అంటున్నది. వారు అట్లా ఎందుకైనారో విచారించడం తక్కువ.

ఒక ఉదాహరణ చాలును. అడవిలో సారపప్పు ఏరుకొని వారపుసంతకు తెచ్చిన ఆదివాసికి వర్తకుడు దానికి సరితూకం ఉప్పు ఇచ్చేవాడు. ఉప్పు లేనిదే కూడు దిగదు, అడవిలో ఉప్పు పుట్టదు. పట్టణంలో మిఠాయిలలోకి పోయే సారపప్పు విలువ ఎంతో ఆదివాసికి తెలియదు. ఇటువంటి బేరాలవలన ధనికుడైన మనిషి పండుగనాడు అదే జనానికి గుడ్డలు పంచిపెట్టినాడనుకొందాం. అతని మనస్సు నిజంగానే కరిగి ఉండవచ్చును. ప్రతిఫలం కోరి ఉండకపోవచ్చును. గీత చెప్పిన లక్షణాలన్నీ ఆ క్షణాన అతనిలో ఉండవచ్చును. అయినా అది దానమేనా? బాకీపడినవాడు అసలు ఎగవేసి వడ్డీలో ఒక పైసా తిరిగి ఇచ్చి, దానికి దండం పెట్టించుకోవడం దానమైతే, లోకంలో దానంకంటే సులభమైన వర్తకం లేదు. ఇచ్చేవాని మనస్సును ఎంత తరచి చూచినా ఈ దోషం కనిపించదు. అది కనపడాలంటే పుచ్చుకొనేవానిని నోరు తెరవనివ్వాలి.

పరిపాలకుల ఉపకారాలదీ ఇదే కథ. 1905లో నాటి ప్రభుత్వం బస్తరు అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని ప్రతిపాదించినది. పోడు వ్యవసాయం, వేట, అటవీఫలాల సేకరణ ఆపవలెనన్నది. అడవిని రక్షించడమే ఉద్దేశమన్నది. తరతరాలుగా ఇంటింటి ధాన్యంతో కావలి పెట్టుకొని అడవిని రక్షించినవారిని మాత్రం అడగలేదు. అప్పటికి 1899-1900 నాటి కరవు జ్ఞాపకం పచ్చిగా ఉన్నది. 1907-08లో మరల కరవు వచ్చినది. 1910లో మామిడి కొమ్మ, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరినుండి ఊరికి ప్రయాణం చేయడం మొదలుపెట్టినవి. అవి తిరుగుబాటుకు పిలుపులు. ప్రతి గ్రామమూ ఆ తిరుగుబాటు ఖర్చుకు ఎంతో కొంత ఇచ్చినది. సంతలను దోచినారు, దొరికిన ధాన్యాన్ని పంచినారు. ఠాణాలతోపాటు బడులనూ తగులబెట్టినారు. నేతానార్ గ్రామపు గుండాధుర్ పేరు ఈ భూమ్‌కాల్‌తో ముడిపడి నిలిచినది. ప్రభుత్వానికి అతడు చిక్కలేదు. ఫిబ్రవరినుండి మే వరకు సైన్యం శ్రమించి తిరుగుబాటును అణచినది. అయినా రిజర్వు పనిని కొంతకాలం ఆపవలసివచ్చినది. రిజర్వు చేయదలచిన విస్తీర్ణాన్ని సుమారు సగానికి తగ్గించవలసివచ్చినది.

ఈ కథలో చదువరిని ఆపవలసిన సంగతి కాలిన బడి. అడవి లాగుకొన్నవానిమీద కోపం సహజం. విద్యాదానం చేసే బడిమీద కోపమెందుకు? బడిపంతుళ్ళు పిల్లలనూ తల్లిదండ్రులనూ హింసించి డబ్బు గుంజుతున్నారన్న ఫిర్యాదు నాటి అధికారుల విచారణలోనే తిరుగుబాటుకు ఒక కారణంగా నమోదైనది. ఇచ్చినవారి లెక్కలో అది విద్య. పుచ్చుకొన్నవారి వీపుమీద అది దెబ్బ. ఆ దెబ్బ సంగతి చెప్పుకోవడానికి వారికి చోటు లేకపోయినది. నిప్పు పెట్టడం న్యాయమని ఎవరూ అనరు. కాని ఆ జనం చదువును ద్వేషించినారనడం అసత్యం. 1976లో వినోబా అనుచరుడు ధర్మపాల్ సైనీ జగదల్‌పూర్ సమీపంలోని డిమరాపాల్‌లో ఆదివాసి బాలికలకోసం ఆశ్రమ పాఠశాల ప్రారంభించినాడు. దశాబ్దాలపాటు ఆ నేలమీదనే ఉండిపోయినాడు. తల్లిదండ్రులు తమ ఆడపిల్లలను ఆ ఆశ్రమాలకు పంపినారు. చదువు చెప్పవచ్చినవాడు ఊరివారి కంటికెదురుగా బ్రతుకుతున్నప్పుడు, అతనిని నిలదీసే వీలు ఊరికి ఉంటుంది. నిలదీసే వీలున్నచోట నిప్పు అవసరం రాదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా పాఠం పూర్తిగా ఒంటబట్టలేదు. 1970లలో ప్రపంచబ్యాంకు బస్తరులో 4,600 హెక్టార్ల సహజమైన సాల అడవిని తొలగించి, కాగితపు పరిశ్రమకు గుజ్జునిచ్చే ఉష్ణమండలపు పైను చెట్లు నాటవలెనని ప్రతిపాదించినది. అదీ అభివృద్ధి పేరిటనే. స్థానికంగా నిరసన వచ్చిన తరువాత ఆ ప్రయత్నం ఆగిపోయినది. సాలవృక్షం ఆదివాసికి నీడ, కలప, విత్తు, దైవసన్నిధి. అది పోయి పైను చెట్టు వస్తే అతనికి మిగిలేది ఏమిటని మొదట అడిగి ఉంటే, అంత దూరం వెళ్ళి వెనుకకు రావలసిన అవసరం ఉండేది కాదు.

పుచ్చుకొనేవాని మాటకు విలువ ఇచ్చినప్పుడు దానం ఎట్లా మారుతుందో తెలుగువారికి వేరొకరు చెప్పనక్కరలేదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా హరిజనవాడకు వెళ్ళినప్పుడు, మీకేమి కావాలని అడిగినాడు. భూమి కావాలన్నారు. ఎంత అని అడిగినాడు. నలభై కుటుంబాలవారు తమలో తాము ఆలోచించుకొని ఎనభై ఎకరాలు చాలునన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నాడు. లోకం ఆ నూరెకరాలనే గుర్తు పెట్టుకొన్నది. ఆ ఎనభై ఎకరాలను మరచిపోయినది. నిజానికి ఆనాటి సంఘటనలో అద్భుతమైనది ఆ ఎనభై అన్న సంఖ్య. యుగాలుగా అడగడానికే భయపడినవారు ఆనాడు తమ అవసరాన్ని తామే తూచినారు. అత్యాశకు పోలేదు, తక్కువ చేసుకోలేదు. తరువాతి సంవత్సరాలలో భూదానంలో చేరిన భూమిలో చాలభాగం సాగుకు పనికిరానిదనీ, పంపకం కానిదనీ తేలినప్పుడు, ఆ ఉద్యమం దేనిని పోగొట్టుకొన్నదో ఈ సంఖ్య చెబుతుంది. ఎకరాల మొత్తం పెరిగినకొద్దీ, ఎంత కావాలి, ఏ భూమి కావాలి అని అడిగే గొంతు తగ్గినది.

బస్తరుకు ఉత్తరాన, ఛత్తీస్‌గఢ్‌లోనే, దల్లీ రాజహరా ఇనుపగనులున్నవి. భిలాయి ఉక్కు కర్మాగారానికి ఖనిజం అక్కడినుండి వెళుతుంది. 1977లో అక్కడి కాంట్రాక్టు కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో సంఘం పెట్టుకొన్నారు. ఆ జూన్ నెలలో జరిగిన పోలీసు కాల్పులలో పదకొండుమంది చనిపోయినారు. కార్మికులు ఆ మృతులపేర విగ్రహం నిలిపి ఊరుకొనలేదు. 1982లో ఒక చిన్న వైద్యశాల తెరిచినారు. 1983 జూన్ 3న, మృతుల సంస్మరణదినాన, షహీద్ ఆసుపత్రిని ప్రారంభించినారు. దానికి ధనం కార్మికుల చందాలనుండి వచ్చినది. గోడలు లేచినది వారి శ్రమతో. వైద్యులు బయటినుండి వచ్చినవారే. వారి విద్య పరాయిదని కార్మికులు త్రోసిపుచ్చలేదు. కాని ఆసుపత్రి ఎవరికోసం, ఎట్లా నడవాలి అన్న నిర్ణయం కార్మికుల చేతిలో ఉన్నది. మద్యపానానికి వ్యతిరేకంగా ఉద్యమం నడిపినదీ ఆ సంఘమే. రోగాన్ని మందుతోనే గాక బ్రతుకు తీరుతో కూడా ఎదుర్కోవాలన్న వివేకం వారికి ఎవరో దానం చేసినది కాదు. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురైనాడు. ఆసుపత్రి ఆయనతో ముగిసిపోలేదు. ఒక్క దాతమీద నిలిచినది దాతతో పోతుంది. పదిమంది భాగంతో నిలిచినది ఆ పదిమంది ఉన్నంతకాలం ఉంటుంది.

ఇది ఏదో ఒక జాతికి, ఒక ప్రాంతానికి చెందిన గుణం కాదు. అమెరికాలో నీగ్రోలని పిలవబడిన నల్లజాతివారు ఎక్కువమంది ఇంకా బానిసలుగా ఉన్న కాలంలో, 1787లో, ఫిలడెల్ఫియా నగరంలో రిచర్డ్ అలెన్, అబ్సలోం జోన్స్ అనేవారు స్వేచ్ఛాఫ్రికన్ సంఘాన్ని స్థాపించినారు. ఇద్దరూ బానిసత్వంలో పుట్టినవారే. సభ్యులు నెలకొక షిల్లింగు చొప్పున వేసుకొని, తమలో రోగులకు, వితంతువులకు, తండ్రిలేని బిడ్డలకు సహాయపడేవారు. 1793లో ఆ నగరాన్ని పచ్చజ్వరం పట్టి పీడించినప్పుడు, ఈ నల్లవారు తెల్లవారి ఇళ్ళకు వెళ్ళి రోగులకు పరిచర్య చేసినారు, శవాలను మోసినారు. ఊరు దయతో బ్రతుకుతున్నారని లోకం అనుకొన్నవారు ఊరిని బ్రతికించడానికి పూనుకొన్నారు. అంతా అయిన తరువాత, వారు ఆపదను అడ్డం పెట్టుకొని డబ్బు చేసుకొన్నారని ఒక ప్రచురణకర్త నిందవేసినాడు. అలెన్, జోన్స్ 1794లో జమాఖర్చులతో సహా జవాబు ప్రచురించినారు. పుచ్చుకొనేవారిగా లోకం నిర్ణయించినవారు ఇచ్చేవారైనప్పుడు ఆ లోకం వారిని నమ్మడానికి ఎంత తటపటాయిస్తుందో ఈ సంఘటన తెలుపుతుంది. ఫిలడెల్ఫియాలోని షిల్లింగుకూ, బస్తరులోని ధాన్యపు మూటకూ చుట్టరికం ఉన్నది. రెండూ తమ కష్టాన్ని తామే పంచుకొన్నవారి చేతులలోనుండి వచ్చినవి.

ఇంతవరకు వచ్చిన తరువాత కొన్ని ఆక్షేపణలు ఎదురవుతాయి. వాటిని దాటవేయడం న్యాయం కాదు. మొదటిది, గ్రామసమాజమనేది నిర్దోషమైన వస్తువు కాదు. పదిమంది కలిసినంతమాత్రాన ధర్మం పుట్టదు. కలసిన పదిమందే ఒక ఒంటరి వితంతువును టోనహీ అని, అనగా మంత్రగత్తె అని వేలెత్తి చూపి ఊరినుండి వెళ్ళగొట్టడం జరుగుతూ వచ్చినది. అటువంటి హింసను నివారించడానికి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో ప్రత్యేకంగా చట్టం చేయవలసివచ్చినది. కావలివాని ధాన్యం ఇచ్చిన ఇళ్ళలో ఆ వితంతువు ఇల్లూ ఒకటి. ధాన్యం ఇచ్చేటప్పుడు ఆమెకు భాగమున్నది, సభలో మాట్లాడేటప్పుడు లేదు. కనుక దాతకు పెట్టిన పరీక్షే సమాజానికీ పెట్టాలి. నోరులేనివారి మాట ఎంతవరకు వినిపించినదన్నదే ఆ పరీక్ష. రాజు తప్పితే ఊరు నిలదీయాలి, ఊరు తప్పితే రాజు నిలదీయాలి.

రెండవది, పరిమాణానికి సంబంధించిన ఆక్షేపణ. గుప్పెడు గుప్పెడు ధాన్యంతో కావలివానిని పోషించవచ్చును గాని, మలేరియాను నిర్మూలించడం, కొండలమీదికి రోడ్లు వేయడం సాధ్యమా? సాధ్యం కాదు. ఇక్కడనే జాగ్రత్త అవసరం. ఆదివాసులు తమకు తాము సహాయం చేసుకోగల సమర్థులని పొగడి, ఆ పొగడ్త చాటున తాము చెల్లించవలసినదానినుండి తప్పించుకొనేవారున్నారు. స్వయంసహాయాన్ని కీర్తించడం బాకీ ఎగవేతకు మార్గం కాకూడదు. ఇచ్చినవాని ఇష్టంమీద ఆధారపడినది దానం. కలసి పెట్టినదానినుండి కలసి తీసుకొనేది భాగం. తీసుకొన్నవాడు తిరిగి చెల్లించవలసినది బాకీ. ఈ మూడింటిని ఒకే పేరుతో పిలిస్తే, బలవంతుడు బాకీని దానమని చెప్పుకొంటాడు, బలహీనుడు భాగాన్ని భిక్షలాగా పుచ్చుకొంటాడు.

బైలాడీలా కొండలను చూస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. ఎద్దు మూపురంవలె ఉండడంవలన ఆ కొండలకు ఆ పేరు వచ్చినది. 1968నుండి అక్కడ ఇనుము త్రవ్వుతున్నారు. కిరండూల్‌నుండి కొండలోయలగుండా వచ్చే రైలుమార్గంమీద ఆ ఖనిజం విశాఖపట్నం చేరుతుంది. అక్కడినుండి ఓడలలో జపానువరకూ వెళ్ళినది. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణవలన ప్రతి గనులజిల్లాలోనూ జిల్లా ఖనిజనిధి ఏర్పడినది. 2015 జనవరి 12కు పూర్వం మంజూరైన లీజులకు రాయల్టీలో 30 శాతం, తరువాతి వేలంలో ఇచ్చినవాటికి 10 శాతం ఆ నిధికి గని యజమాని చెల్లించాలి. ఆ ధనం గనులవలన దెబ్బతిన్న జనంకోసం వెచ్చించాలి. ఆ నియమాలను రూపొందించేటప్పుడు 1996 నాటి పంచాయతీ విస్తరణ చట్టమూ, 2006 నాటి అటవీహక్కుల చట్టమూ మార్గదర్శకంగా ఉండాలని సవరణలోనే చెప్పినారు. అంటే గ్రామసభ మాటకు చోటుండాలన్నమాట. చట్టం భాషలో ఇది భాగం. ఆ డబ్బుతో కట్టిన భవనం ముందు నాటిన శిలాఫలకం మాత్రం ప్రారంభోత్సవం చేసిన పెద్దమనిషి పేరునే చెక్కించుకొంటుంది. ఆ రాతిని చదివినవానికి అది ఎవరో దయతో ఇచ్చినట్లే తోస్తుంది. తన కొండనుండి వచ్చిన డబ్బుకు తానే నమస్కరించవలసివచ్చిన మనిషికి ఆసుపత్రి దొరకవచ్చును, కాని అతనినుండి ఏదో ఒకటి జారిపోయినది. ఆరోగ్యమంటే శరీరానికి సంబంధించినది మాత్రమే అయితే ఆ నష్టాన్ని లెక్కపెట్టనక్కరలేదు. మనిషికి తల ఎత్తుకొని నిలబడడం కూడా ఆరోగ్యమే అయితే లెక్కపెట్టక తప్పదు.

ఇక ఉపనిషత్తు చెప్పిన భయానికి తిరిగి రావచ్చును. వ్యాఖ్యాతలు దానిని పలువిధాలుగా అర్థం చేసినారు. బస్తరు చరిత్ర దానికి ఇంకొక అర్థం సూచిస్తున్నది. ఇచ్చేవాడు భయపడవలసినది ఇవి నిజంగా నావేనా అన్న ప్రశ్నకు. పుచ్చుకొనేవాడు నోరు తెరిచి, ఇది నీవు నాకిచ్చినది కాదు, నావద్ద తీసుకొన్నదానిలో కొంత అని అంటే తాను ఏమి జవాబు చెప్పగలనన్న ఆలోచనకు. ఆ భయం ఉన్నవాడు ఇవ్వబోయేముందు అడుగుతాడు. ఎంత కావాలని అడుగుతాడు, ఏది కావాలని అడుగుతాడు, ఇది ఎవరిదని అడుగుతాడు. ఆ భయం లేనివాడు ఎంత ఉదారుడైనా, బడి కట్టించి అది కాలినప్పుడు ఆశ్చర్యపోతాడు.

అడవి కావలివాని సంగతితో మొదలైన విచారణ అతనితోనే ముగియడం సమంజసం. అతడు కావలి సరిగా కాయకపోతే, ధాన్యం ఇచ్చిన ఏ ఇల్లాలైనా అతనిని నిలదీయవచ్చును. ధాన్యం సరిగా రాకపోతే అతడూ ఏ గడప ముందైనా నిలిచి అడగవచ్చును. ఇద్దరి గొంతులూ ఒకే ఎత్తులో ఉంటాయి. ఇద్దరికీ వెనుక ఒకే అడవి ఉన్నది. ఆ కొద్దిపాటి ధాన్యానికి పుణ్యలోకాలు కలుగుతాయని ఏ పురాణమూ చెప్పలేదు. అందుకు ప్రతిగా సాయంకాలం ఊరికి చెట్లు మిగిలి ఉంటాయి.